పొత్తు మార్కులు

గుంటూరులో సగం మిర్చి కోల్డ్ స్టోరేజీలు ఐస్ హాకీ మైదానాలయ్యాక, ఆటగాళ్లు ఒకరినొకరు ఎన్నిసార్లు చూసుకున్నారో లెక్కగట్టి పొత్తుకు మార్కులేసే యంత్రం కూడా వచ్చింది. ఫార్వర్డ్ ఏడుకొండలుకు నూటికి పదకొండు వచ్చాయి. నలభై రాకపోతే జట్టులో చోటు పోతుంది.

"పక్కనున్న ఇద్దరి వంక ఒక్కసారన్నా చూడవేందయ్యా?" అంది కోచ్ మస్తానమ్మ.

"ముగ్గురం ఇక్కడే బస్తాలు మోశాం గదక్కా. వీపున బరువుంటే తల ఎట్టా తిరిగిద్ది? ఎవడెక్కడున్నాడో చప్పుడుకే తెలిసిద్ది."

మస్తానమ్మ లైట్లు ఆర్పించి ముగ్గుర్నీ ఆడమంది. చీకట్లో రబ్బరు బిళ్ల మూడు కర్రలకు వరసగా తగిలి, వలలో పడ్డ చప్పుడైంది. లైట్లు వేశాక యంత్రం సున్నా చూపించింది.

"చీకట్లో కళ్లు కనపడంది దీనికొక్కదానికే," అంది మస్తానమ్మ. "రేపు మ్యాచిలో మీ ముగ్గురే ముందు దిగండి."