ఆట ఆపిన మనిషి

“ఆ రిఫరీ మన మేలు కోరేవాడు కాదు. చూస్తూండండి,” అన్నాడు బాబురావు.

గ్రేటర్ నోయిడాలో తెలుగు కుర్రాళ్ల ఫుట్‌బాల్ పోటీలు. 2006 నవంబరు. ఆ ఆదివారం సెమీఫైనల్లో ధౌలా కువాన్ జట్టుకీ వైశాలి జట్టుకీ ఆట.

ధౌలా కువాన్ జట్టుకి గోల్స్ కొట్టేది బాబురావు కొడుకు ఇవానే.

ఆటకి ముందు రిఫరీ వైశాలి వాళ్లతో కలిసి టీ తాగడం బాబురావు కళ్లారా చూశాడు.

రిఫరీది నెరిసిన జుట్టు, బక్కపలచని మనిషి. మొదటి సగంలో ఈల ఊదిందే తక్కువ. ఆయన మైదానంలో ఉన్నాడన్న ధ్యాసే ఎవరికీ లేదు.

బాబురావుకి మాత్రం అదీ నాటకంలాగే తోచింది.

రెండో సగం. ఇరుజట్లకీ చెరో గోలు. పైనుంచి వస్తున్న బంతి కోసం ఇవాన్, వైశాలి కుర్రాడు ఒకేసారి ఎగిరారు. తలలు తగిలాయి. ఇద్దరూ పడ్డారు, వెంటనే లేచారు.

ఈల మోగింది.

రిఫరీ ఇవాన్‌ని ఏదో అడిగాడు.

“ఠీక్ హూఁ అంకుల్, నాకేం కాలేదు,” అంటూ ఇవాన్ నవ్వాడు.

రిఫరీ అతని కళ్లలోకి చూసి, బయటికి చెయ్యి చూపించాడు.

బాబురావు గీత దాటి లోపలికి వచ్చేశాడు.

“మావాడేం తప్పు చేశాడండీ?”

“తప్పేం లేదు. ఇవాళ ఇంక ఆడకూడదు.”

“మాకు మార్చడానికి మనిషి లేడని తెలిసే కదా! టీతో పాటు ఇంకేం పెట్టారు వాళ్లు? జనం ఆట చూడ్డానికొచ్చారు, మిమ్మల్ని చూడ్డానికి కాదు!”

రిఫరీ బంతి చేతిలోకి తీసుకున్నాడు. ఇవాన్ బయటికి వెళ్లేదాకా ఆట మొదలుపెట్టలేదు.

వైశాలి గెలిచింది.

బాబురావు తిన్నగా నిర్వాహకుడు సదాశివరావు దగ్గరికి వెళ్లాడు. మరో నలుగురు వంతపాడారు.

“ఫైనల్‌కి మీరు రావద్దు లెండి,” అన్నాడు సదాశివరావు రిఫరీతో.

ఆయన తలూపి, ఈల బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.

“తప్పు లేనివాడైతే ఒక్క మాటైనా అనడూ?” అన్నాడు బాబురావు.

ఇంటికి రాగానే ఇవాన్ వాంతి చేసుకున్నాడు. తల్లి సరళకుమారి నర్సు. కొడుకు కళ్లు చూసి ఆసుపత్రికి పరుగెత్తించింది.

“తల లోపల కాస్త రక్తం చేరింది. మందులతో తగ్గుతుంది,” అన్నాడు డాక్టరు. “ఇంకో దెబ్బ తగిలుంటే మనకి దక్కేవాడు కాదు. ఆట మాన్పించిందెవరు?”

సరళకుమారి భర్త వైపు చూసింది.

మర్నాడు బాబురావు సదాశివరావు ఇంటికి వెళ్లాడు.

“ఆయన అడ్రసు చెప్పండి. కాళ్లు పట్టుకుంటాను.”

“పొద్దున్నే బెజవాడ బండి ఎక్కేశారండీ. ఇంక ఈల పట్టనన్నారట.”

“అసలెవరండీ ఆయన?”

“వీరరాఘవులు గారని, ఒకప్పుడు పెద్ద పేరట. అనవసరంగా ఆట ఆపరనీ, ఉన్నట్టే తెలీదనీ అందరూ మెచ్చుకునేవారట. నాకూ ఇప్పుడే వైశాలి వాళ్లు చెప్పారు.”

“మరి నిన్న...”

సదాశివరావు తల దించుకున్నాడు.

“ఓసారి ఇలాగే తలకి తగిలి లేచిన కుర్రాణ్ణి ఆయన ఆడనిచ్చారటండీ; సాయంత్రానికి ప్రాణం పోయిన ఆ పిల్లాడు ఆయన కొడుకే.”