ఖాళీ అని పంపిన వ్యాగన్

కోరుట్ల దాటాక, చేల నడుమ గూడ్సు బండ్లు ఆగే చిన్న లైను ఉంది. చక్రాలు తీసి నేలమీద పెట్టిన పాత వ్యాగన్ డబ్బాయే అక్కడ స్రవంతికి ఆఫీసు. హమాలీలు యూరియా దించాక ఆమె ప్రతి వ్యాగన్‌నూ కర్రతో రెండుసార్లు కొట్టి, బోలుగా మోగితే ఫోన్లో ‘ఖాళీ’ అని పంపాలి. ఆలస్యమైతే తిట్లు. అందుకే ముందే పంపేసి, తర్వాత కొట్టేది.

ఆ రాత్రి చివరి వ్యాగన్‌ను కొట్టింది. లోపలి నుంచి ఎవరో తిరిగి రెండుసార్లు కొట్టారు.

అప్పటికే తలుపుకు సీలు పడింది. జగిత్యాలలో ఉన్న ఆఫీసరు రవీందర్‌కు ఫోన్ చేసింది.

"సార్, లోపల ఎవరో ఉన్నరు. బండి ఆపుండ్రి."

"ఖాళీ అని నువ్వే పంపినవ్ గదమ్మా. గిప్పుడు మారిస్తే నీ నౌకరి పోతది. పోనియ్."

పోనిచ్చింది. బండి వెనక ఎర్రదీపం చీకట్లో కలిసిపోయింది. ఆఫీసులోకొచ్చి గడియ పెట్టుకుంది.

బయటి నుంచి రేకు మీద రెండు దెబ్బలు పడ్డాయి.

చప్పుడు చేయకుండా కూర్చుంది. చేతిలో ఫోన్ వెలిగింది: ‘ఇంకొక వ్యాగన్ ఖాళీ. రిపోర్టు సకాలంలో అందింది.’

అప్పుడు రెండు చేతులతో గోడను బాదింది. "ఉన్న! నేను లోపల ఉన్న!"

చక్రాల్లేని ఆ గది మెల్లగా కదిలింది.