బాలింత గదికి పొగగొట్టం

గోడకు బెజ్జం కొట్టనిచ్చేది లేదని విద్యావతమ్మ బాలింత గది గడపకు అడ్డంగా కూర్చుంది. ఎదురుగా సుత్తీ సలాకా పట్టుకుని మేస్త్రీ భూమయ్య. అతని పక్కన, నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో కొన్న గుళికల పొయ్యిని కాళ్ళ దగ్గర పెట్టుకుని ఆమె అల్లుడు ఇంద్రసేన. రంపపు పొట్టునూ పల్లీ పొట్టునూ నొక్కి చేసిన గుళికలతో మండే ఇనప పొయ్యి అది. కుంపటిలా గది నిండా పొగబెట్టదు, కాకపోతే దాని గొట్టం గోడ దాటి బయటికి పోవాలి.

విద్యావతమ్మ అల్లుడితో ముఖాముఖి మాట్లాడదు. అదో మర్యాద, నాంపల్లిలో ఆ సందులో అందరికీ తెలిసిందే. మూరెడు దూరంలో ఉన్నా సరే, మధ్యలో ఎవరో ఒకరు కావాలి. ఇవాళ ఆ ఖర్మ భూమయ్యది.

"భూమయ్యా, జర చెప్పు మా అల్లునికి. బాలింత గదిల గాలి సొరొద్దు. కిటికీలు మూసి, కుంపటి వెట్టి, గీ గదిలనే నేను నా బిడ్డ సంహితను సాదిన."

ఇంద్రసేన చెప్పాల్సిన మాట వేరే ఉంది. పొద్దున దవాఖానలో అప్పుడే డ్యూటీకొచ్చిన డాక్టరు అతన్ని పక్కకు పిలిచి చెప్పిన మాట. పాప లేదు. నెలలు నిండకుండా పుట్టి, అద్దాల పెట్టెలో వారం రోజులు కొట్టుమిట్టాడి, తెల్లారేలోపే పోయింది. మందుల మత్తులో ఉన్న సంహితకు ఇంకా తెలీదు. మీ అత్తమ్మ పొద్దుగాల్నే ఇంటికి పోయిందని ఆయా చెబితే, పాపం ఆమెకూ తెలీదన్నమాట అనుకున్నాడు. ఆటో ఆబిడ్స్ దాటుతున్నంతసేపూ ఆ మాట ఎలా చెప్పాలా అనే అతని గోల. తీరా ఇంటికొస్తే, నిన్న రమ్మన్న భూమయ్య ముందే వచ్చి ఉన్నాడు, గొడవ మొదలైపోయి ఉంది.

మనవరాలికి చలిగాలి తగలకూడదని అంత పట్టుదలగా కూర్చున్న మనిషితో ఏ నోటితో చెబుతాడు? ఇంకో గంట అమ్మమ్మగా ఉండనీ అనుకున్నాడు. వాదనకు దిగాడు.

దిగాక పొయ్యి గురించి అన్నీ చెప్పాడు. తలుపులు బిగించి లోపల నిప్పు పెడితే అది గదిలో మంచి గాలినంతా తినేసి విషవాయువు వదులుతుందనీ, అది కంటికి కనపడదు, ముక్కుకు తెలీదు, నిద్రపోయినవాళ్ళు నిద్రలోనే పోతారనీ. గొట్టం బయటికి పోవాలి, పొయ్యి కింద రేకు వెయ్యాలి, అయినా కిటికీ జానెడు తెరిచే ఉంచాలి అన్నాడు. జానెడు సందు చాలదా గాలి సోకడానికి అంది విద్యావతమ్మ. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం. ఇద్దరి మధ్యా భూమయ్య అడకత్తెరలో పోకచెక్క అయిపోయాడు. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోయలేక జనవరి చలిలో చెమటలు తుడుచుకున్నాడు.

"పిల్లకు సర్దిగిట్ల జేస్తే జవాబు ఎవరు చెప్తరో అడుగు" అంది.

"నేనే చెప్తానను." ఇంద్రసేన దుమ్ము అని దగ్గాడు, ఇంకా సుత్తి గోడను తాకనే లేదు.

ఒక్క సంగతి మాత్రం అతనికి ఊరట. దవాఖాన కబురు ఆమె ఒక్కసారైనా అడగలేదు. కోపంలో మరిచిపోయింది, అదే మేలు అనుకున్నాడు.

ఆఖరికి ఆమే లేచి పక్కకు జరిగింది. అల్లుడు ఎట్లంటే గట్లనే కానీ అని భూమయ్యతో చెప్పింది. బెజ్జం పడింది, గొట్టం ఎక్కింది, అతుకుల దగ్గర మట్టి మెత్తారు. గుప్పెడు గుళికలు పోసి అంటించారు. భూమయ్య బయటికి పరుగెత్తి, పొగ సాఫీగా పోతోందని కేకేశాడు. గదిలోకి సన్నని వెచ్చదనం వచ్చింది. చంటిపిల్లకు ఎంత హాయిగా ఉండేదో అనుకున్నాడు ఇంద్రసేన.

లోపలికొచ్చిన భూమయ్య తలెత్తి దూలం వంక చూశాడు. దానికి వేలాడుతున్న చీర ఊయల గొట్టానికి మరీ దగ్గరగా ఉంది, అంటుకుంటే ఇంకేమన్నా ఉందా, దూరంగా కట్టాలి, ఏ మూలకో చెబితే కొక్కెం దిగ్గొడతానన్నాడు.

తలుపు వైపు మూల అంది విద్యావతమ్మ. కాదు, కిటికీ వైపు అన్నాడు ఇంద్రసేన. ఆమె ఈసారి పోట్లాడలేదు, తల ఊపింది. భూమయ్య స్టూలెక్కి కొక్కెం ఆనించి ఒక దెబ్బ వేశాడు.

ఆ దెబ్బ ఇంద్రసేనకు తగిలింది. ఇక అతనివల్ల కాలేదు.

"ఆపు భూమయ్యా" అని నేల మీద కూలబడ్డాడు. "అత్తమ్మా, ఊయల కట్టొద్దు. మన పాప లేదు."

విద్యావతమ్మ గొల్లుమనలేదు. వచ్చి పక్కన కూర్చుని, అతని తల మీద చెయ్యి వేసింది.

"నీకెవరు చెప్పిన్రు బిడ్డా? నువ్వన్న జరసేపు నిమ్మళంగ ఉంటవని, చెప్పొద్దని తెల్లారంగనే నేను రాత్రి డ్యూటీ డాక్టరమ్మ కాళ్ళు మొక్కి వచ్చిన గద."