గుండెకు దిగిన బరువు

స్టీలు ప్లాంటు కడుతున్న రోజులవి.

జీపు చెడిపోయి మల్కాపురంలో సిటీబస్సు ఎక్కాల్సి వచ్చినందుకే గురునాథరావుకి ఒళ్ళు మండుతోంది. పైగా పక్క సీట్లో మాసిన లుంగీ, చేపల వాసన.

“లేచి నిలబడు. నీలాంటోళ్ళ పక్కన ఆఫీసర్లు కూకోవాలేటి?”

ఆ మనిషి లేచి, కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

ఇంకాస్త దూరం పోయేసరికి గురునాథరావు గుండె మీద బండరాయి పెట్టినట్టయింది. ఎడమ చెయ్యి లాగేసింది. చెమటతో చొక్కా తడిసిపోయింది.

ఆ మనిషి రొంటిన దోపుకున్న చిన్న గాజుసీసా తీశాడు.

“ఇది నాలిక కింద ఎట్టుకోండి బాబూ. మింగకండి.”

వద్దనే ఓపిక లేదు. పెట్టుకున్నాడు.

కాసేపటికి రాయి దిగింది. కానీ తల తిరిగింది. కణతలు బద్దలైపోతున్నట్టు అదిరాయి.

“మత్తుమందు! నా పర్సు కొట్టేద్దామనిరా?” గురునాథరావు సీసా లాక్కున్నాడు.

“కాదు బాబూ, ఆ మాత్రకి తల అలాగే పోటెడతాది. నా సీసా ఇచ్చీండి.”

“పోలీసులకిస్తాను! కండక్టర్, దింపీ ఈణ్ని!”

విజిల్ మోగింది. ఆ మనిషి మండుటెండలో దిగి, “సీసా బాబూ...” అంటూ బస్సు వెనక పరిగెత్తాడు.

“నటన సూడు,” అన్నాడు గురునాథరావు.

బస్సు దిగి నేరుగా డాక్టర్ భీమశంకరరావు దగ్గరికెళ్ళాడు.

డాక్టరు సీసా మీది మందు పేరు చదివాడు.

“మత్తుమందు కాదండీ, గుండెనొప్పి మందు. నాలుక కింద కరిగి సూటిగా రక్తంలో కలుస్తుంది. రక్తనాళాలు వదులవుతాయి. గుండె మీద పనిభారం తగ్గి నొప్పి పోతుంది. తలలో నాళాలూ విప్పారతాయి, అందుకే ఆ పోటు. ఇచ్చినవాడు మీకు మేలే చేశాడు.”

గురునాథరావు పెదవి విరిచి సీసా జేబులో వేసుకున్నాడు.

“ఆడి మొహానికి ఈ మందేటి డాక్టరుగారూ! ఎవరో రోగి దగ్గర కొట్టేసుంటాడు. పాపం, ఆ రోగి ఎక్కడ అల్లాడతన్నాడో!”

వాకిట్లో రిక్షా ఆగింది.

“రోడ్డు మీద పడిపోయాడు బాబూ,” అంటూ ఇద్దరు ఒక మనిషిని మోసుకొచ్చి బల్ల మీద పడుకోబెట్టారు.

బస్సులోని మనిషే.

డాక్టరు నాడి పట్టుకు చూశాడు. గుండె మీద స్టెతస్కోపు ఆనించి చాలాసేపు విన్నాడు. తర్వాత తెరిచివున్న ఆ కళ్ళను తన వేళ్ళతో మూశాడు.

“లతీఫ్,” అన్నాడు మెల్లగా, “మందు సీసా లేకుండా గడప దాటొద్దని ఎన్నిసార్లు చెప్పాను నీకు!”