సీసాలో దూది

"రక్తంలో హెచ్ఐవీ మళ్లీ పెరిగింది. మందులు మింగుతున్నావా, పారబోస్తున్నావా?" నర్సు గద్దించింది.

పదహారేళ్ల లుసుంగు తలెత్తలేదు. అమ్మమ్మే అందుకుంది. "ఎందుకు మింగదు నర్సమ్మా? ముజుజు ఊళ్లో బడి హాస్టల్లో మాత్రల చప్పుడు విని ఎవరూ ఆరా తీయకుండా సీసాలో దూది కుక్కి మరీ పంపాను."

నిరూపించడానికన్నట్టు మనవరాలు తెచ్చిన సీసా మూత తీసింది. దూది తను కుక్కినట్టే ఉంది, కింద మాత్రలన్నీ అలాగే ఉన్నాయి.

"ఇదేమిటే?"

"నువ్వే అంత దాచావంటే, తెలిస్తే నన్ను బతకనివ్వరనుకున్నా. మూత తియ్యనే లేదు అమ్మమ్మా."

"పోయిన మీ అమ్మ సీసాలోనూ నేనే కుక్కాను," అంది ముసలామె.

దూది లాగి పారేసి, మూత బిగించి ఆసుపత్రి వరండాలోకి నడిచింది. సీసాను గలగలా ఆడించింది. వరసలో కూర్చున్నవాళ్లంతా తలలు తిప్పి చూశారు.

ఆమె ఆపలేదు.