గంజి లేని కుడితి

గేదె కుడితి తొట్టిలో మూతి పెట్టి వెంటనే తీసేసింది. లోవరాజు వంటింటి గుమ్మంలోకొచ్చి పెళ్ళాన్ని నిలదీశాడు.

"కుడితిలో ఏటి పోసినావే, నూకరత్నం?"

"బియ్యం గంజి లేదు. మీ కినోవా కడిగిన నీళ్ళు పోసినాను. సేదుగా ఉన్నట్టుంది."

"గేదె తాగనిది నేను తినాలా?"

"గేదెకి సుగర్ లేదు."

డాక్టరు అన్నం మాని ఈ గింజలు తినమన్న నాటినుంచీ తిట్టుకుంటూ తింటున్న కినోవా ఉప్మాకే మళ్ళీ కూర్చున్నాడు. సగంలో చెయ్యి ఆగింది.

"నాకంటే సుగరు. నువ్వు అన్నమే తింటావు కదా, ఆ గంజేదీ?"

"ఒక్కదానికి అన్నమేటి వండుకుంటాను? నేనూ ఇదే తింటన్నాను."

మిగతా సగం అతను గబగబా తినేశాడు. చెయ్యి కడుక్కుని, అటక మీది అన్నం గిన్నె దించి, ఎసరు పెట్టాడు.

"ఎవులికి?" అంది.

"గేదెకి" అన్నాడు.