పసుపునీళ్ళు

మొదట్లో లక్ష్మీకాంత్‌కు ఉన్నవి గుంటూరు మిర్చి యార్డు దగ్గర ఒక కొట్టు, త్రినాథ్ అనే తమ్ముడు.

కొట్టు బాగానే నడుస్తోంది. తమ్ముడే తేడాగా ఉన్నాడు. నడిస్తే తూలుతున్నాడు. చేతులు వాటంతటవే ఎగురుతున్నాయి.

చనిపోయిన తండ్రి పేరయ్య కూడా అలాగే తూలేవాడు. తాగుబోతన్నారు. ఇప్పుడు త్రినాథ్‌నీ అదే అంటున్నారు. తమ్ముడు చుక్క ముట్టడని అన్నకు తెలుసు. మరి ఇదేమిటో మాత్రం అంతుపట్టలేదు.

ఒకరోజు కొట్టు ముందు ఒకావిడ ఆటో దిగింది. తల, భుజాలు, వేళ్ళు ఏవీ ఒకచోట నిలవడం లేదు.

పూనకమనుకుని హమాలీలు బస్తాలు దించి దణ్ణం పెట్టారు. ఎవరో ఆమె కాళ్ళ మీద పసుపునీళ్ళు పోశారు. రేటు ఇంకా పెరుగుతుందా తల్లీ అని ఒకడు అడిగాడు.

ఆమె లక్ష్మీకాంత్‌నే చూస్తోంది. మాట ముద్దగా వచ్చింది.

"పేరయ్య... పిల్లలు..."

నాన్న పేరు ఈవిడకెలా తెలుసు? అమ్మవారే అనుకున్నాడు.

"మా తమ్ముడికి నయమవుతుందా తల్లీ?"

ఆమె తల అడ్డంగా ఊగింది. నిలువుగానూ ఊగింది. దేన్ని జవాబు అనుకోవాలో తెలియలేదు. ఇంకేదో చెప్పబోతుంటే చీర, రవికెగుడ్డ ఆమె ఒళ్ళో పెట్టాడు. వినుకొండ నుంచి వచ్చిందని ఆటోవాడు చెబితే, తనే తీసుకెళ్ళి ఆ బస్సెక్కించాడు.

తర్వాత త్రినాథ్‌ను నరాల డాక్టరు మహతికి చూపించాడు. పరీక్షలయ్యాయి.

"హంటింగ్టన్ జబ్బు. ఒళ్ళు ఇలా దానంతటదే ఊగిపోతుంది. మీ నాన్నగారి నుంచి వచ్చుంటుంది. మీరూ పరీక్ష చేయించుకుంటే మంచిది. మీ ఇంట్లో ఆడవాళ్ళెవరికైనా ఉందా?"

"ఆడవాళ్ళకీ వస్తుందాండీ?"

"కొడుకులకెంతో కూతుళ్ళకూ అంతే. కాకపోతే ఆడవాళ్ళను పూనకమనో, మనసు బాలేదనో ఇంట్లోనే ఉంచేస్తారు. మా దాకా తీసుకురారు."

లక్ష్మీకాంత్ మర్నాడే వినుకొండ వెళ్ళాడు. వాకబు చేస్తే ఆవిడ పేరు సుబ్బరావమ్మని తెలిసింది. ఇంటికి తాళం వేసుంది.

పక్కింటి రసూల్‌బీ బయటికొచ్చింది.

"పోయిన వారమే చనిపోయిందయ్యా. జబ్బు పేరు తెలిసినకాణ్ణుంచి ఒకటే ఆరాటం, ఆళ్ళకి చెప్పాలని. గుంటూరు పోతే చీర పెట్టి పంపించారంట."

"ఎవరికి చెప్పాలని?"

"ఆళ్ళ నాన్న అక్కడ రెండో పెళ్ళి చేసుకున్నాడంట. ఆ పిల్లలకి."

తిరుగు బస్సులో లక్ష్మీకాంత్ లెక్క చూసుకున్నాడు. తమ్ముడి జబ్బుకు పేరు తెలిసింది. తనకు ఒక అక్క ఉండేదనీ తెలిసింది.